జబ్బు మూలం ఒంట్లోనే ఉందా?

ప్రకృతి చికిత్సాలయంలో చేరిన మొదటిరోజు ఎదురయ్యే ప్రశ్నలు మామూలు ఆసుపత్రిలో వినపడవు. పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు, మోషన్ సాఫీగా అవుతుందా, రాత్రి భోజనం ఎన్ని గంటలకు, తిన్నాక ఎంతసేపటికి పడుకుంటారు, రోజుకు ఎన్ని కాఫీలు, పచ్చళ్లు ఎంత ఇష్టం, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? నాలుక చాపమంటారు, పొట్ట తడిమి చూస్తారు. మట్టి పట్టీ, తొట్టి స్నానం, ఎనిమా, నిమ్మరసంలో తేనె అన్నీ ఆ తర్వాతే. షుగరుకు పదేళ్లుగా బిళ్లలు మింగుతున్న మనిషిని కూర్చోబెట్టి ‘‘అసలు ఇది మీకెందుకు వచ్చింది?’’ అని మొదటిసారి అడిగింది అక్కడే అయ్యుంటుంది.

తెలుగునాట ప్రకృతి వైద్యానికి ఇంత ఆదరణ దొరకడానికి ఆ ప్రశ్నే కారణం. ఇది నిన్నమొన్నటి ముచ్చట కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో చికిత్సాలయం నడిపిన లూయీ కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ పాఠకులకు అది అందింది ఆ తర్వాతే. గాంధీజీ ప్రభావం దానికి తోడైంది. ఇవాళ ఉండవల్లిలో మంతెన సత్యనారాయణరాజు ఆశ్రమం, హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల, ఊరూరా వెలుస్తున్న చిన్నాపెద్దా కేంద్రాలు అన్నీ ఆ పరంపరలోనివే. ఉప్పు లేని కూర గురించి వినని తెలుగు ఇల్లు బహుశా లేదు.

ఈ ఆదరణను మూఢనమ్మకమని కొట్టిపారేసే డాక్టర్లు తమ ఓపీని ఒకసారి చూసుకోవాలి. బీపీకి ఒక బిళ్ల, ఆ బిళ్లతో వచ్చిన కాళ్ల వాపుకు ఇంకోటి, వీటన్నిటితో పాటు కడుపు మంటకు పరగడుపున మూడోది. చీటీ పొడుగవుతుంది గానీ పేషెంటు ఏం తింటున్నాడో, ఎంత నిద్రపోతున్నాడో అడిగే తీరిక ఎవరికీ లేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారు. ఇంతమందికీ జీవితాంతం మందులు రాయడమే వైద్యమైతే, జబ్బు ఎందుకొచ్చిందని అడిగే చోటికి జనం వెళ్లడంలో వింతేముంది?

చిక్కు ఆ ప్రశ్నతో కాదు, సిద్ధంగా పెట్టుకున్న జవాబుతో. కూనే దృష్టిలో జబ్బులన్నీ ఒకటే. తప్పుడు తిండి వల్ల శరీరంలో విజాతీయ పదార్థం పేరుకుంటుంది, అది పొట్టలో పులిసి మెడకూ ముఖానికీ ఎక్కుతుంది, ముఖం చూసి దాన్ని పసిగట్టవచ్చు, స్నానాలతో బయటికి పంపవచ్చు. అమెరికాలో జాన్ టిల్డెన్ 1926లో అచ్చువేసిన పుస్తకం అదే భావాన్ని రక్తంలో విషం పేరుతో చెప్పింది. ఇప్పటి డీటాక్స్ ప్యాకేజీలు దానికి మనవలు. అయితే ఆ విషం పేరేమిటి, రక్తంలో ఎంత ఉంది, ఏడు రోజుల ఉపవాసం తర్వాత ఎంత తగ్గింది అని అడిగితే, నూట పాతికేళ్లలో కొలిచి చూపించినవాళ్లు లేరు. లివరు తయారుచేస్తే కిడ్నీలు రోజూ వడగట్టే యూరియాకు పేరుంది, కొలత ఉంది. ఈ ‘మలినాలకు’ రెండూ లేవు.

మూలం కనిపెడతామన్న కొన్ని పద్ధతులను నిజంగానే పరీక్షకు పెట్టారు. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని చూసి ఏ అవయవం దెబ్బతిన్నదో చెప్పే ఐరిడాలజీ ఇక్కడి కొన్ని కేంద్రాల్లోనూ కనిపిస్తుంది. 1979లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 143 మంది కంటి ఫొటోలను ఆ విద్య తెలిసినవాళ్లకు ఇచ్చి, వీరిలో కిడ్నీ జబ్బు ఎవరికుందో చెప్పమన్నారు. జబ్బున్నవాళ్లనూ లేనివాళ్లనూ వాళ్లు వేరుచేయలేకపోయారు. ఊహ తప్పయితే ఆ విషయం బయటపడే దారి ఒకటుండాలి. వైద్యమనేదానికి అది కనీస అర్హత.

ఆ దారిలో నడిచినప్పుడు ప్రకృతి వైద్యుల పాత మాట నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి. షుగరు వస్తే పోదని, బిళ్ల నుంచి ఇన్సులిన్‌కు మెట్లు దిగడమేనని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. ఆహారం తగ్గిస్తే వెనక్కి మళ్లుతుందని ప్రకృతి వైద్యులు అంటూనే ఉన్నారు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైకేల్ లీన్ బృందం డైరెక్ట్ అనే ట్రయల్‌తో ఈ సంగతి తేల్చడానికి పూనుకుంది. టైప్-2 మొదలై ఆరేళ్లు దాటని 306 మందిని తీసుకుని, సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం ఇచ్చింది. షుగరు మందులు మొదటిరోజే ఆపేసింది. ఏడాది తర్వాత వాళ్లలో 46 శాతం మందికి మందు లేకుండానే షుగరు అదుపులో ఉంది. మామూలు చికిత్స పొందినవాళ్లలో ఇది 4 శాతం. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో 86 శాతం. మూలం కూడా దొరికింది: లివరులో, క్లోమంలో చేరిన కొవ్వు. దానికి పేరుంది, స్కానింగులో కొలత ఉంది. బరువు తిరిగి పెరిగినవాళ్లలో షుగరూ తిరిగొచ్చిందన్న సంగతిని ఆ బృందమే ప్రకటించింది. ఫలితాల ప్రకటనలో ఏ వైద్యానికైనా ఉండాల్సిన నిజాయితీ ఇది.

ఉప్పు విషయమూ అంతే. 1940లలో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ ఉప్పు దాదాపు లేకుండా ప్రధానంగా అన్నం, పళ్లు పెట్టి ప్రాణాంతకమైన బీపీని దించి చూపించాడు. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. ఆవకాయ, అప్పడం, వడియం లేనిదే ముద్ద దిగని ఇళ్లలో ఉప్పు తగ్గించమని పోరిన ప్రకృతి వైద్యులు మేలే చేశారు.

కానీ ఒక జబ్బుకు సరిపోయిన తాళంచెవి అన్ని తాళాలనూ తీయదు. టైప్-1 మధుమేహంలో శరీరపు రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. అది ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపి రసాల ఉపవాసం పెడితే రోజుల్లో ప్రాణాంతకమైన కీటోఅసిడోసిస్‌లోకి జారిపోతాడు. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగరు బిళ్ల వేసుకుంటూ ఉపవాసం చేసే పెద్దాయనకు అర్ధరాత్రి షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. కిడ్నీలు బాగా చెడినవాళ్లకు కొబ్బరినీళ్లు, పళ్లరసాలు అమృతం కావు. వాటిలోని పొటాషియం బయటికి పోయే దారిలేక గుండెను ఆపగలదు. చికిత్సాలయాల్లో తరచూ చేతికిచ్చే గ్లాసు అదే.

మూలాన్వేషణ అంటే ఏమిటో తెలియడానికి లైప్‌జిగ్ దాకా పోనక్కర్లేదు, తార్నాక చాలు. 1950ల చివర కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలే ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. వచ్చీరాగానే కొలుత్తూరు గోపాలన్ బృందానికి ఒక వింత ఎదురైంది. నగరంలోని ఆసుపత్రులకు, మానసిక వైద్యశాలకు దక్కన్ పల్లెల నుంచి కూలీనాలీ జనం వస్తున్నారు. మెడ చుట్టూ పట్టీలా నల్లబడిన చర్మం, ఎండ తగిలే ముంజేతుల మీద పొలుసులు, విరేచనాలు, ముదిరితే మతి చలించడం. అది పెల్లాగ్రా. నియాసిన్ లోపం వల్ల మొక్కజొన్న మీదే బతికే జనానికి వచ్చే జబ్బుగా పుస్తకాల్లో ఉంది. వీళ్లు తినేది జొన్న రొట్టె. మొక్కజొన్నలో నియాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. జొన్నలో ఆ ఇబ్బంది వాళ్లకు కనిపించలేదు. మరెందుకొచ్చింది?

గోపాలన్ బృందం జొన్నను విడదీసి చూసింది. అందులో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉందని, శరీరం నియాసిన్‌ను తయారుచేసుకుని వాడుకునే పనికి అది అడ్డుతగులుతోందని 1960లో లాన్సెట్ పత్రికలో గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించారు. కుక్కలకు జొన్న పెట్టి చూశారు, లూసిన్ తక్కువున్న జొన్న రకాలను వెతికారు. ఇతర దేశాల శాస్త్రవేత్తలు వాదించారు, కొందరు ఒప్పుకోలేదు. ఆ తర్వాత పల్లెల్లో తిండి మారింది. జొన్న ఒక్కటే కడుపు నింపే రోజులు పోయాయి, పెల్లాగ్రా కూడా కనుమరుగైంది. జొన్న చెడ్డదని కాదు. ఇవాళ పప్పుతో, ఆకుకూరతో, పెరుగుతో జొన్న రొట్టె తినేవాళ్లకు ఆ భయం లేదు. నెలల తరబడి రొట్టె పక్కన కారం ముద్ద తప్ప ఇంకేమీ పెట్టుకోలేని పేదరికం ఆ జబ్బుకు దారి వేసింది. ‘నీ ఒంట్లో మలినాలున్నాయి, ఉపవాసం చెయ్యి’ అని ఆ కూలీకి చెప్పి ఉంటే ఏమయ్యేది? ఉన్న కాస్త పోషణా పోయేది.

నల్లగొండ, ప్రకాశం సంగతి ఇంకా స్పష్టం. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, ముప్పైలలోనే ముసలివాళ్లయిన జనం గురించి 1937లో షార్ట్ బృందం రాసినప్పుడు మూలం బావిలో దొరికింది. ఫ్లోరైడ్. 1970ల మొదట్లో నల్లగొండ పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లోకానికి తెలియజేశారు. అదే ఫ్లోరైడ్ ఇక్కడ పిల్లల కాళ్లనే ఎందుకు వంచుతోందని అడుగుతూ తిండిలోకి, జొన్నలోని మాలిబ్డినంలోకి, నాగార్జునసాగర్ వచ్చాక పైకెక్కిన భూగర్భజలంలోకి వెళ్లారు. ఒకే నీళ్లు తాగే ఊళ్లో ఎవరి కాళ్లు వంగాయి, ఎవరివి వంగలేదు అని ఇల్లిల్లూ తిరిగి పోల్చారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తీసే నాగ్‌పుర్ నీరి సంస్థ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. చివరికి పల్లెలను కాపాడింది మాత్రం కృష్ణా నీళ్లు పైపుల్లో రావడమే. ఫ్లోరోసిస్‌కు చికిత్స ఆసుపత్రిలో లేదు, ఆశ్రమంలోనూ లేదు, తాగునీటి బడ్జెట్టులో ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జవాబు ఇంకా దొరకలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటల్లో పనిచేసేవాళ్లకు షుగరు లేకుండానే, బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో దాహంతో పనిచేయడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఏదీ పూర్తిగా రుజువు కాలేదు. శ్రీలంక వరి ప్రాంతంలో, నికరాగ్వా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. నికరాగ్వాలో కూలీలకు నీడ, విశ్రాంతి, నీళ్లు ఇచ్చాక కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. అది ఒక ఆధారం. వంశధార నీళ్లు హిరమండలం నుంచి ఉద్దానానికి పైపుల్లో వస్తున్నాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది. ఏళ్ల తరబడి రక్తం, మూత్రం, నీళ్లు, మట్టి పోల్చి చూసే ఓపిక అక్కడ ఉండాలి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు బస్సెక్కే మనిషికి తెలియదన్న జవాబు బాధాకరమే. తెలిసినట్టు నటించే జవాబు అంతకంటే హాని చేస్తుంది.

‘మూలం నీలోనే ఉంది’ అన్న మాట చేసే గాయం ఇంకొకటుంది. 1924 జనవరిలో ఎరవాడ జైలు ఖైదీగా ఉన్న గాంధీజీకి అపెండిసైటిస్ వచ్చింది. పుణె ససూన్ ఆసుపత్రిలో కల్నల్ మాడక్ ఆపరేషన్ చేశాడు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో ముగించారు. ప్రాణం దక్కింది. ప్రకృతి వైద్యాన్ని అంతగా నమ్మిన గాంధీజీ ఆ జబ్బు తన మనోదౌర్బల్యం వల్లే వచ్చిందని, కత్తికి తలవంచడం కూడా దౌర్బల్యమేనని తర్వాత రాశారు. ఆయన తనకు తాను విధించుకున్న కఠిన నియమమది, గౌరవించవచ్చు. అదే నియమాన్ని రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడమనిషి మీదో, టైప్-1 షుగరు వచ్చిన పిల్లాడి తల్లి మీదో మోపితే అది నింద. ‘మీరు సరిగ్గా తినిపించి ఉంటే’ అన్న ఒక్క మాట ఆ తల్లిని జీవితాంతం వెంటాడుతుంది.

ప్రకృతి వైద్యంలో చదువు లేదనడం తప్పు. దాని డిగ్రీ బీఎన్‌వైఎస్ ఐదున్నరేళ్ల కోర్సు, అందులో అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ ఉన్నాయి. కానీ ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా-రిగ్పా విద్యలకు 2020లో జాతీయ కమిషన్ చట్టం తెచ్చిన పార్లమెంటు యోగా, ప్రకృతి వైద్యాన్ని దాని పరిధిలో చేర్చలేదు. ఫలితంగా ఐదున్నరేళ్లు చదివినవాళ్లూ, వారాంతపు శిబిరంలో సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లూ ఒకే బోర్డు పెట్టుకోగలుగుతున్నారు. షుగరు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించినా యూట్యూబులో దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

బీఎన్‌వైఎస్ చదివినవాళ్లే ముందుకొచ్చి తమకూ శిబిరాల సర్టిఫికెట్లవాళ్లకూ మధ్య గీత గీయమని ప్రభుత్వాన్ని అడగాలి. వాళ్ల చికిత్సాలయాల బీరువాల్లో వేలాది కేస్ షీట్లున్నాయి: చేరినరోజు బరువు, షుగరు, బీపీ, క్రియాటినిన్, వెళ్లేరోజు అవే లెక్కలు. ఏడాది తర్వాత ఆ మనిషి ఎలా ఉన్నాడన్న గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఒక ఫోన్, ఒక రక్తపరీక్షతో ఆ గడి నింపవచ్చు. తార్నాకలోని సంస్థతో కలిసి ఆ పని మొదలుపెడితే, రాగి సంకటి, ఉపవాసం, ఉప్పు లేని కూర ఎవరికి పనిచేశాయో, ఎవరికి హాని చేశాయో తెలుగు రాష్ట్రాల్లోనే తేలుతుంది.