ప్రభుత్వపు పనులు - మన కొబ్బరిపీచు

ప్రజాధనముతో సాగు పనులకు స్వదేశపు సరుకునే వాడవలెనను నియమమును మేము మనఃపూర్వకముగా నామోదించుచున్నాము. అయితే ఆ నియమము కాగితము విడిచి కాలువగట్టునకు రానంతవరకు రైతునకు ఫలము లేదు.

ఈ విషయము గోదావరి మండలమునకు క్రొత్త గాదు. 1847లో ఆర్థరు కాటను దొరగారు ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానికి రాయి చెంతనున్న కొండనుండియే వచ్చినది.

2017లో కేంద్రప్రభుత్వము సర్కారు కొనుగోళ్లలో స్వదేశపు సరుకునకు ప్రాధాన్య మొసగుచు ఉత్తరువు గావించినది. 2020లో దానిని సవరించి, విలువలో సగమునకు తగ్గకుండ దేశములోనే తయారైన సరుకు నమ్మువారిని మొదటి తరగతిగా నిర్ణయించినది. మంచిదే. కాని యీ ఉత్తరువున స్వదేశమనగా యావద్భారతము. అలప్పుళ పీచైనను, పొల్లాచి పీచైనను, కోనసీమ పీచైనను దానికి సమానమే. కావున మన వంతును మనమే అడిగి తెచ్చుకొనవలెను.

పీచుతో నేసిన వలబట్టను మెత్తని నేలపై పరచి రోడ్డు వేసినచో కంకర మట్టిలోనికి దిగబడదు. గట్టు వాలున పరచినచో గడ్డి వేళ్లూనువరకు వానకు మట్టి కోతపడదు. పిమ్మట నది నేలలోనే కలిసిపోవును. 2020 మే నెలలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశ రోడ్లకు దీని నంగీకరించి, ఏడు రాష్ట్రములలో 1,674 కిలోమీటర్లు నిర్ణయించిరి. అందు ఒడిశాకు 470, తమిళనాడునకు 369 కాగా ఆంధ్రప్రదేశమునకు 164 మాత్రమే. ఇక్కడ మన తోటల డొక్క కొంత పొయ్యి పాలగుచున్నది. కొంత గట్లవెంట పడి కుళ్లుచున్నది. కాయధర పడిపోయిన యేట డొక్కకు నాలుగు డబ్బులు వచ్చినను రైతున కది ఆసరాయే గదా!

స్వదేశపు సరుకు ధర హెచ్చనియు, నాణ్యము తక్కువనియు కొంద రందురు. నాణ్యమున సడలింపు మేము కోరము. నాసి సరుకు వలన గట్టు తెగినచో మునుగునవి మన చేలే! పరీక్షించియే కొనుడు. ఇక ధర మాట: పోటీ లేని ప్రాధాన్యము నలుగురు వర్తకుల లాభముగా ముగియుననుట నిజమే. అందుచేతనే మా కోరికలు మూడు. కాలువగట్ల పనులకును, గ్రామ రోడ్లకును అంచనాలు వేయునాడే వలబట్టను చేర్చవలెను. సహకార సంఘములు సయితము పాల్గొనునట్లు టెండర్లను చిన్నవిగా విభజింపవలెను. సొమ్ము జాప్యము లేక చెల్లింపవలెను.

మన బాధ్యతయు కలదు. ఒక్కొక్క రైతు డొక్క లెక్కకు రాదు. ఊరి డొక్క యంతయు ఒకచోట చేరిననే బేరము కుదురును. ఆ పని సర్కారు చేయదు, సంఘమే చేయవలెను. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చింతురుగాక.