లోపలికి వెళ్తే అది మందే

"చెట్టుదే కదా, ఏమవుతుంది?" అనే మాట మన ఇళ్లలో రోజుకొకసారైనా వినపడుతుంది. నేనూ ఎన్నోసార్లు అన్నాను. పోయిన చలికాలం నుంచి అనడం మానేశాను.

అక్క కూతురు పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉన్న రోజులవి. మూడో నెల పిల్లాడికి జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయింది. మా అమ్మ ఎప్పటిలాగే కొబ్బరినూనె వెచ్చచేసి, రెండు కర్పూరం బిళ్లలు నలిపి వేసి, మునిమనవడి ఛాతీకి రాయబోయింది.

"వద్దమ్మమ్మా, రెండేళ్లు నిండేదాకా కర్పూరం వాడొద్దన్నారు డాక్టరు" అని పిల్ల అడ్డుపడింది.

అమ్మ మొహం చిన్నబోయింది. నాకేమో కోపం వచ్చింది. "నిన్నూ మీ తమ్ముణ్ణీ ఇలాగే పెంచింది అమ్మమ్మ. మీకేమైంది?" అన్నాను.

"పిన్నీ, రాస్తే లోపలికి దిగి కఫం తగ్గిస్తుందంటారు కదా. లోపలికి దిగింది కఫం దగ్గరే ఆగుతుందా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఆ జవాబు కోసం చాలా చదివాను.

మన చర్మం మీది పొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు మాత్రమే. చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య కొవ్వు సున్నంలా అతుక్కుని ఉంటుంది. ఈ గోడ దాటాలంటే అణువు చిన్నదై ఉండాలి, కొవ్వులో కరగాలి. దాటాక కింది పొరల్లో తడి ఎక్కువ కనుక నీళ్లలోనూ కొంతైనా కలవాలి. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే ఆరోగ్యంగా ఉన్న చర్మంలోంచి వెళ్లడం కష్టమని 2000లో శాస్త్రజ్ఞులు ఒక లెక్క చెప్పారు.

పసుపులో ఉండే కర్క్యుమిన్ బరువు 368. చిన్నదే, కానీ నీళ్లలో దాదాపు కరగదు. అందుకని చాలామటుకు పై పొరలోనే చిక్కుకుంటుంది. పెళ్లికూతురి కాళ్ల పసుపు కడిగినా పోకుండా, ఆ పొర రాలేకొద్దీ వదలడం అందుకే. కర్పూరం బరువు 152. నూనెలో ఇట్టే కరుగుతుంది, చర్మంలోంచి సులువుగా దిగుతుంది. పూజ పళ్లెంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ, ఒంటి మీద వాటి దారులు వేరు.

ఇది మన పొగాకు రైతుకూలీలకు చదువు లేకుండానే తెలిసిన సంగతి. తడిసిన పచ్చాకు చేతులతో తెంపేవాళ్లకు తల తిరుగుతుంది, వాంతులవుతాయి. చుట్ట ముట్టించక్కర్లేదు, ఆకులోని నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి ఎక్కుతుంది. పొగాకూ చెట్టుదే!

పసిపిల్లల సంగతి ఇంకా సున్నితం. బరువుతో పోల్చి చూస్తే వాళ్ల ఒంటి చర్మం మనకంటే రెండింతలకు పైగా ఉంటుంది. లోపలికి చేరిన కర్పూరాన్ని విరిచి బయటికి పంపే శక్తి వాళ్ల కాలేయానికి ఇంకా రాదు. అది ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. మింగడం వల్ల వచ్చినవే ఎక్కువ, కానీ ఒంటికి రాసినందుకు వచ్చినవీ వైద్యులు నమోదు చేశారు. అమెరికాలో ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని నియమం ఉంది. మా అమ్మ నూనెలో ఎంత శాతం? రెండు బిళ్లలు. చలికాలమైతే మూడు.

ఎక్కడ రాస్తున్నామన్నదీ ముఖ్యమే. హైడ్రోకార్టిజోన్ అనే మందుతో 1967లో చేసిన పరీక్షలో ముంజేతికంటే నుదుటి మీద ఆరు రెట్లు ఎక్కువగా లోపలికి దిగింది. అరికాల్లో ఏడో వంతే దిగింది. రాసిన చోట గుడ్డ చుట్టి వెచ్చగా ఉంచితే ఇంకా దిగుతుంది. చర్మం గీరుకుపోయి ఉంటే గోడకు కన్నం పడ్డట్టే. పసివాడికి నూనె రాసి, స్వెట్టరు వేసి, దుప్పటి కప్పడం ప్రేమే. కానీ ఆ ప్రేమతోనే మోతాదు పెంచుతున్నాం.

పెరటి వైద్యం పనికిరాదని నేననడం లేదు. దాన్ని నిజంగా నమ్మితే మందులాగే చూడమంటున్నాను. మూలికల క్రీము లోతుగా చొచ్చుకుపోయి పనిచేస్తుందని డబ్బా ముందువైపు రాస్తారు, మూలికలు కనుక ఏ హానీ ఉండదని వెనకవైపు రాస్తారు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? లోపలికి వెళ్లకపోతే అది పైపూత. వెళ్తే మందు. మందన్నాక ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడగాల్సిందే. ఆ ప్రశ్న అడిగిన పిల్లని పెద్దల మాట లెక్కచేయనిదానిలా చూడకూడదు. ఆ రోజు నేను చేసిన తప్పు అదే.

మర్నాడు ఫోన్ చేసి ఆ పిల్లకి ఆ మాటే చెప్పాను. అమ్మకు చెప్పడం కష్టమైంది. "అయితే మిమ్మల్నందర్నీ నేను చంపబోయానా?" అంది. "లేదమ్మా, అప్పుడు మనకెవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పారు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఉత్త కొబ్బరినూనే రాస్తోందట. వాసన లేకపోతే రాసినట్టే లేదని రోజూ సణుగుతోందని అక్క చెప్పింది.