జపాన్ వెళ్లొచ్చిన పిల్ల చీపురు సంగతి చెబితే

మా మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ మధ్య సన్మాన సభ జరిగింది. ఆ బడిలో పదో తరగతి చదివే అమ్మాయి వారం రోజులు జపాన్ వెళ్లి వచ్చింది. వంటగది పొగ బయటికి పోయేందుకు తను చేసిన నమూనా జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు దాటింది. అలా గెలిచిన పిల్లలను సకురా సైన్స్ అనే కార్యక్రమం కింద అక్కడికి తీసుకెళ్తారు. జపాన్ దీన్ని 2014లో మొదలుపెట్టింది. శాలువా కప్పారు, దండ వేశారు. హెడ్మాస్టరు గారు మైకులో అడిగిన మొదటి ప్రశ్న, "బుల్లెట్ ట్రైన్ చూశావా అమ్మా?" రెండోది, "రోబోలు ఎలా ఉన్నాయి?" ఆ పిల్ల రెండింటికీ జవాబు చెప్పింది. తర్వాత ఎవరూ అడక్కుండానే ఇంకో మాట చెప్పింది. "అక్కడ బడిలో మగపిల్లలు కూడా చీపురు పట్టి ఊడుస్తారు సార్. బాత్రూములు కూడా వంతుల ప్రకారం వాళ్లే కడుక్కుంటారు."

సభంతా గొల్లుమంది. మైకు చేతులు మారింది. నవ్విన వాళ్లలో ఉపాధ్యాయినులు కూడా ఉన్నారని ఇక్కడ చెప్పక తప్పదు.

పిల్లలను విదేశాలకు పంపడం మంచిదేనా, డబ్బు దండగా అనే చర్చ మన దగ్గర అప్పుడప్పుడూ వస్తుంటుంది. డబ్బున్న బడులు సింగపూర్‌కు, దుబాయ్‌కు పిల్లలను తిప్పుతున్నంత కాలం ఎవరికీ రాని ఈ అనుమానం, ప్రభుత్వ బడి పిల్లలు విమానం ఎక్కగానే ఎందుకు వస్తుందో ఆలోచించాలి. 2023 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల నుంచి న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితికి వెళ్లిన 10 మందిలో 8 మంది ఆడపిల్లలే. వెళ్లాలి, ఇంకా ఎక్కువమంది వెళ్లాలి. నా పేచీ అది కాదు. తిరిగి వచ్చిన పిల్లను మనం ఏమడుగుతున్నాం, ఆమె చెప్పేది ఎంతవరకు వింటున్నాం అన్నదే.

నిజానికి ఆ అమ్మాయి పాఠం విమానం ఎక్కకముందే మొదలైంది. తండ్రి వాళ్లను వదిలి వెళ్లి ఎనిమిదేళ్లయింది. తల్లి పక్క ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పాస్‌పోర్టుకు వెళ్తే తండ్రి సంతకం లేనిదే కాగితం కదలదన్నారు. 2016 డిసెంబర్‌లో మారిన నిబంధనల ప్రకారం దరఖాస్తులో తల్లిదండ్రులలో ఒకరి పేరు చాలు. పిల్లను ఒంటరిగా పెంచుతున్న తల్లి తన పరిస్థితి రాసి ఇవ్వవచ్చు. ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. మా సంఘం వాళ్లు ఆ నిబంధన కాగితం పట్టుకుని మూడుసార్లు తిరిగితే గాని పని కాలేదు. సంఘం లేని ఊళ్లో ఆ పిల్ల స్థానం ఇంకొకరికి పోయి ఉండేది.

సన్మానం అయిన వారం తర్వాత ఒక ఆదివారం మా సంఘం గదిలో ఇరవై మంది బాలికలతో ఆమెను కూర్చోబెట్టాం. టీచర్లను పిలవలేదు. రెండు గంటలు మాట్లాడింది. బడి అయ్యాక పిల్లలంతా బల్లలు వెనక్కి జరిపి, వరసగా వంగి నేల తుడవడం చూసిందట. చిన్న తరగతుల్లో మధ్యాహ్నం అన్నం వడ్డించేది కూడా పిల్లలేనని, తెల్ల ఏప్రాన్లు, టోపీలు పెట్టుకుని వంతులవారీగా వడ్డిస్తారని వీడియోలో చూపించారట. టోక్యో రైళ్లలో రద్దీ వేళ ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంటుందని కూడా చెప్పింది. "అక్కడ అంత క్రమశిక్షణ అని మేడం చెప్పారు. మరి వేరే పెట్టె ఎందుకు?" అని అడిగింది. ఈ ప్రశ్న ఒక్కటి చాలు, ప్రయాణం వృథా కాలేదనడానికి.

ఆమెకు ఎవరూ చూపించనివి మేం చెప్పాం. అక్కడ పెళ్లయితే భార్యాభర్తలిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని చట్టం ఉంది. ఎవరి పేరైనా పెట్టుకోవచ్చంటుంది గాని, నూటికి 95 మంది దాకా ఆడవాళ్లే మార్చుకుంటున్నారు. టోక్యో మెడికల్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షల్లో ఏళ్ల తరబడి అమ్మాయిల మార్కులు తగ్గించినట్టు 2018లో బయటపడింది. అన్నిటికన్నా ఆ పిల్ల ఆశ్చర్యపోయింది బురాకుమిన్ల గురించి విని. తోలు పని, పశువుల కోత చేసే కుటుంబాల వాళ్లని తరతరాలుగా వెలి పెట్టిన చరిత్ర జపాన్‌కూ ఉంది. ఆ వివక్షను పోగొట్టాలంటూ 2016లో చట్టం చేయాల్సి వచ్చింది. "అక్కడ కూడానా?" అంది.

ఆ రోజు ఆమె తల్లి కూడా వచ్చింది. అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది. "అక్కడ బళ్లో వండేవాళ్లకు జీతమెంతట?" పిల్లకు తెలియదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మన దగ్గర వంటమనిషికి కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. రాష్ట్రాలు పైన ఎంత కలిపినా దాన్ని జీతం అనరు. వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆ తర్వాత కూడా దళిత స్త్రీ వండిన అన్నం మా పిల్లలు తినరని తల్లిదండ్రులు గొడవ చేసిన బడులు ఉన్నాయి.

అందుకే జపాన్‌ను చూసి మన పిల్లల చేతికి చీపురు ఇద్దాం అనే తొందరపాటు కూడా పనికిరాదు. పిల్లల చేత మరుగుదొడ్లు కడిగించారనే వార్త వచ్చినప్పుడు ఆ పిల్లలు ఎవరో చూడండి. దళిత పిల్లలో, ఆడపిల్లలో అయి ఉంటారు. దానిమీద మనం ధర్నాలు చేశాం, చేయాల్సిందే. తేడా చీపురులో లేదు, వంతులో ఉంది. సర్పంచ్ కొడుకు వంతు కూడా వస్తే అది పని. రాకపోతే అది కులం. ఇంట్లోనూ అంతే. అన్న వంతు ఎప్పుడూ రాని ఇంట్లో చెల్లెలు చేసేదాన్ని మనం "పని నేర్చుకోవడం" అంటున్నాం.

ఆ బడిలో అప్పటిదాకా తరగతి గదులు ఊడ్చేది ఆడపిల్లలు. మగపిల్లలు సుద్దముక్కలు, రిజిస్టర్లు మోసేవాళ్లు. ఆ అమ్మాయి, మరో ఐదుగురు కలిసి అందరి పేర్లతో వంతుల కాగితం రాసి హెడ్మాస్టరు గారికి ఇచ్చారు. మేం కూడా వెంట వెళ్లాం. ఆయన నవ్వకుండా తీసుకున్నారు. తొమ్మిది, పది తరగతుల గోడలకు కాగితం అతికించారు. రెండో వారం ఒక తండ్రి వచ్చి, తన కొడుకు చేత ఊడిపించేందుకు బడికి పంపలేదని అరిచి వెళ్లాడు. మరుసటి రోజు ఆ పిల్లవాడి పేరు పెన్నుతో కొట్టేసి ఉంది. మిగతా పేర్లు ఉన్నాయి.

మరుగుదొడ్లు కాగితంలో లేవు. అవి ఇంకా ఒక్క మనిషే కడుగుతోంది. నిర్వహణ నిధి వస్తే ఆమెకు డబ్బు ఇస్తారు, రాకపోతే టీచర్లు తలా కొంత వేసుకుంటారు. ఆమెకు చేతి తొడుగులు ఇప్పించాలని వచ్చే నెల పాఠశాల కమిటీ సమావేశంలో అడగబోతున్నాం. మాట్లాడేది నేనేనని ఆ అమ్మాయి అంటోంది.