హట్టి చుట్టూ తాండాల వలసను రాసిపెడదాం

హట్టిలో, లింగసుగూరు తాలూకాలో ఉన్న తెలుగువాళ్లకు, చదువుకున్న లంబాణి యువతకు ఒక విన్నపం.

మనలో చాలామంది కుటుంబాలను ఇక్కడికి రప్పించింది బంగారం గని. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో కంపెనీ పెట్టాక పని కోసం ఎక్కడెక్కడివాళ్లో హట్టి చేరారు. చుట్టుపక్కల లంబాణి తాండాలవాళ్లు మాత్రం బయటికి పోతున్నారు. వానకారు పంట ఇంటికి రాగానే తాళాలు పడతాయి. కొందరు బెంగళూరులో ఇళ్లు కట్టే పనికి, కొందరు మహారాష్ట్రలో చెరుకు కొట్టడానికి గుళే (వలస) పోతే, మళ్లీ కనిపించేది ఉగాదికే.

2027 జనగణనలో మనుషులను లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. తాండాలు బోసిపోయి ఉండే నెల అది. లెక్కింపు రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను వాళ్లున్న చోటే రాయాలన్నది పద్ధతి. చెరుకు తోట పక్క గుడిసెలదాకా ఎవరైనా వెళ్తారా అన్నదే నా భయం. వెళ్లినా ఇంకో చిక్కుంది. లంబాణీలు మన కర్ణాటకలో ఎస్సీలు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీలు, మహారాష్ట్రలో విముక్త జాతి. హద్దు దాటి అక్కడ లెక్కలో పడ్డ మనిషి ఎస్సీల పట్టికలో ఉండడు.

ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కనంతా తిరిగిన జనం లంబాణీలు. రైళ్లొచ్చి ఆ బతుకుతెరువు పోయింది. 1871 నేరస్థ తెగల చట్టం కింద తెల్లదొరలు సంచార జాతుల పేర్లు రాసింది వాళ్ల మీద నిఘా పెట్టడానికి. అందుకే ఇప్పుడు మనం వలస గురించి రాసే పుస్తకం తాండా చేతిలోనే ఉండాలి.

తాండాకొక పుస్తకం పెట్టండి. ఎవరు, ఏ ఊరికి, ఏ పనికి పోయారు, వెంట పిల్లలెందరు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఇంతే రాయండి. ఆధార్ నంబర్లు, అప్పుల వివరాలు వద్దు. వద్దన్నవాళ్ల పేరు ఎక్కించొద్దు. పుస్తకం తాండా పెద్ద నాయక్ దగ్గరే ఉంటుంది. పరిశోధకులొస్తే తాండా ఒప్పుకున్నాకే, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఫిబ్రవరి 15న లంబాణీల గురువు సేవాలాల్ జయంతికి ఊళ్లో ఉన్నవాళ్లు కూడినప్పుడు వాళ్ల భాష గోర్ బోలీలో చదివి వినిపించండి. తప్పులుంటే పెద్దలే దిద్దుతారు.

బడి పంతుళ్లు ముందు పడితే పని సులువు. ఏ పిల్లలు ఏ నెల నుంచి రావడం లేదో హాజరు పట్టీలో ఉంటుంది. దీపావళికి, జనం బయల్దేరకముందే మొదలుపెట్టండి. జనవరి చివర్లో ఆ పుస్తకం చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఉన్నచోటే లెక్కలో పేరు ఎక్కించుకోమని, ఈసారి కులం కూడా అడుగుతారు కాబట్టి లంబాణి అని రాయించమని చెప్పండి.