తిరిగి వచ్చే వేళ చెప్పి వెళ్ళు

గత నవంబరులో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని కూర్చున్నామో లేదో, తెనాలి నుండి మా ఆపా ఫోను చేసింది. సలాము పూర్తి కాకముందే ఆమె గొంతు పూడుకుపోయింది. “నీ మేనల్లుడు వంతెన మీద నుండి నదిలోకి దూకుతాడట. కాళ్ళకు తాడు కట్టించుకొని, పైగా డబ్బు చెల్లించి!” వెనుక నుండి బావగారి మాట వినిపించింది: “స్థలం అమ్మి పంపించినది చదువుకోవడానికా, దూకడానికా? అది అడగమను.”

ఈ శీర్షికలో మేము తరచు ఇతరుల ఇళ్ళలోని సమస్యల గురించి రాస్తుంటాము. ఈ నెల మా ఇంటి విషయమే రాయవలసి వచ్చింది. ఆపా అనుమతి తీసుకున్నాము. మేనల్లుని అనుమతి కూడా తీసుకున్నాము, కొంత ఆలస్యంగా.

ఆ అబ్బాయి న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని డునెడిన్ నగరంలో చదువుతున్నాడు. వెళ్ళి తొమ్మిది నెలలైంది. పరీక్షలు ముగిశాయి. ఒకే ఇంట్లో ఉంటున్న మిత్రులు క్వీన్స్‌టౌన్‌కు బయలుదేరుతున్నారు. డునెడిన్ నుండి అది సుమారు 280 కిలోమీటర్లు. వకాటిపు అనే పొడవైన సరస్సు ఒడ్డున, మంచు కొండల నడుమ ఉన్న చిన్న పట్టణం. ప్రపంచం నలుమూలల నుండి యువకులు సాహస క్రీడల కోసం అక్కడికే చేరుకుంటారు. ఆ సరస్సు నీటిమట్టం కొన్ని అంగుళాల మేర లయబద్ధంగా పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంటుంది. అడుగున పడి ఉన్న రాక్షసుని గుండె ఇంకా కొట్టుకుంటున్నదని అక్కడి మావోరీ ప్రజల కథ. పిల్లవాడు మొదట ఈ కథనే తల్లికి వినిపించాడు. తల్లి సంతోషించింది. రెండవ మాటగా వంతెన సంగతి చెప్పాడు.

అతడు చెప్పిన వంతెన కవారౌ నదిపై ఉంది. 1880లో కట్టినది. నీటికి 43 మీటర్ల ఎత్తు. అంటే సుమారు పదునాలుగు అంతస్తుల మేడ. 1988 నవంబరులో ఏ.జె. హాకెట్, హెన్రీ వాన్ ఆష్ అనే ఇద్దరు అక్కడ రుసుము తీసుకొని జనాన్ని దూకించడం ప్రారంభించారు. శాశ్వతంగా ఒకచోట నడిచే బంజీ కేంద్రాలలో ప్రపంచంలో అదే మొదటిది. అయితే కాళ్ళకు కట్టుకొని దూకడం వారు కనిపెట్టినది కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దేశంలో పెంటెకోస్ట్ అనే ద్వీపం ఉంది. అక్కడి పురుషులు తరతరాలుగా కందగడ్డల పంటకాలంలో ఎత్తయిన కొయ్య గోపురాలు కట్టి, చీలమండలకు అడవి తీగలు బిగించుకొని నేలమీదికి దూకుతారు. 1979లో ఆక్స్‌ఫర్డుకు చెందిన కొందరు యువకులు ఆ ఆచారం స్ఫూర్తితో తీగకు బదులు రబ్బరు తాడు కట్టుకొని బ్రిస్టల్ నగరంలోని క్లిఫ్టన్ వంతెన నుండి దూకారు. పోలీసులు పట్టుకున్నారు. ఆ నేరమే తొమ్మిదేళ్ళ తరువాత కవారౌ మీద వ్యాపారమైంది.

మరునాడు మేము మేనల్లునితో మాట్లాడాము. నిజం చెప్పాలంటే, మందలించాలనే కూర్చున్నాము. ప్రాణం అల్లాహ్ అప్పగించిన అమానతు అన్న మాటతో మొదలుపెట్టాము. అతడు తలవంచుకొని విన్నాడు. తరువాత మర్యాదగా, “మామూ, అక్కడ ఏమి చేస్తారో చెప్పనా?” అన్నాడు.

ముందుగా బరువు తూచి, ఆ అంకెను చేతిమీద సిరాతో రాస్తారట. అనేక రబ్బరు పోగులతో పేనిన తాళ్ళు వేర్వేరు బరువులకు వేర్వేరుగా ఉంటాయి. చేతిమీది అంకెను బట్టి తాడును ఎంచుతారు. చీలమండలకు తువ్వాలు చుట్టి దానిపై పట్టీ బిగిస్తారు. అది జారినా ఆదుకొనేందుకు నడుముకు మరొక పట్టీ వేస్తారు. రక్తపోటు, కళ్ళ జబ్బులు, వెన్నునొప్పి ఉన్నవారు ముందే చెప్పాలి. దూకిన తరువాత కింద నదిలో వేచి ఉన్న పడవవారు అందుకొని ఒడ్డుకు చేరుస్తారు. ఇవన్నీ చెప్పి, “మన ఊరి తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కేటప్పుడు ఎవరైనా ఇన్ని అడిగారా?” అన్నాడు. మాకు సమాధానం దొరకలేదు.

అక్కడి చట్టం గురించి కూడా తెలుసుకున్నాము. 2008లో కవారౌ నదిపైనే, చిన్న పలకపై తేలుతూ ప్రవాహంలో సాగే క్రీడలో, ఇంగ్లండు నుండి వచ్చిన ఒక యువతి మరణించింది. ఆమె తండ్రి ఊరుకోలేదు; న్యూజిలాండ్ ప్రధానమంత్రికి నేరుగా లేఖ రాశాడు. విచారణ జరిగింది. 2011 నుండి సాహస క్రీడల నిర్వాహకులందరూ స్వతంత్ర భద్రతా తనిఖీలో నెగ్గి, ప్రభుత్వ పట్టికలో పేరు నమోదు చేసుకోవలసి ఉన్నది. ఆ పట్టికను ఎవరైనా చూడవచ్చు. తెనాలిలో కూర్చున్న తండ్రి కూడా చూడవచ్చు. పట్టిక ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదని 2019 డిసెంబరు 9న ఆ దేశమే చూచింది. వకారీ అనే ద్వీపంలో అగ్నిపర్వతం పేలినప్పుడు అక్కడ 47 మంది ఉన్నారు. ఎక్కువ మంది విహారానికి వచ్చినవారే. 22 మంది మరణించారు. ఆ తరువాత నిబంధనలను మరింత బిగించారు.

ఇంతవరకు సంభాషణ వంతెన చుట్టూనే తిరిగింది. ముగించబోతూ, ఏదో అడగాలి కనుక, “మిగిలిన రోజుల్లో ఏమి చేస్తావు?” అన్నాము. అతడు తేలికగా చెప్పుకుపోయాడు. శనివారం మిల్ఫర్డ్ సౌండ్. కారు అద్దెకు తీసుకుంటారు; నలుగురిలో లైసెన్సు ఉన్నది తనకే. శుక్రవారం రాత్రి హోటలు వంటగదిలో గిన్నెలు తోమే పని ముగించి, తెల్లవారుజామున డునెడిన్ నుండి బయలుదేరుతాడు. ఆదివారం వంతెన. సోమవారం మిత్రులు జెట్ పడవ ఎక్కుతారు. ఒకే వారంలో రెండు ఖర్చులు తాను భరించలేడు కనుక, ఒంటరిగా బెన్ లోమండ్ అనే కొండ ఎక్కుతాడు. దానికి టికెట్టు లేదు.

“ఏ బూట్లతో?” అని అడిగాము.

“కాన్వాసువే, మామూ.”

“ఎక్కుతున్నట్లు ఎవరికి చెబుతావు?”

“కొండే కదా!”

అప్పుడు మాకు చెమట పట్టింది. ఇంటిల్లిపాదీ రెండు రోజులుగా ఏ వంతెనను చూచి ఏడుస్తున్నామో, అక్కడ వానిని తూచేవారున్నారు, కట్టేవారున్నారు, అందుకొనేవారున్నారు. నిద్రలేని కళ్ళతో వందల కిలోమీటర్లు కారు నడిపేటప్పుడు ఎవరున్నారు? బెన్ లోమండ్ ఎత్తు 1748 మీటర్లు. పట్టణం నుండి ఎక్కి దిగడానికి ఆరు నుండి ఎనిమిది గంటలు పడుతుంది. నవంబరు అక్కడ వసంతం. శిఖరం దగ్గర మంచు మిగిలి ఉండవచ్చు. ఉదయం ఎండ, మధ్యాహ్నం వడగళ్ళు. కొండల్లో ఫోను పనిచేస్తుందన్న నమ్మకం లేదు. మన ప్రాంతపు పిల్లలు దిక్కు తెలుసుకొనే అలవాటు కూడా అక్కడ తలకిందులవుతుంది: మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. డునెడిన్‌లో కిబ్లా పడమరకు కొంత దక్షిణంగా ఉంటుందని అతడే ఒకసారి ఆశ్చర్యపడుతూ చెప్పాడు.

ఇక నీటి మాట. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ దేశానికి వలస వచ్చినవారు నదులు దాటుతూ ఎంతగా మునిగి చనిపోయేవారంటే, మునకకు ‘న్యూజిలాండ్ మరణం’ అనే పేరు వచ్చింది. ఇప్పటికీ మంచు కరిగే రోజుల్లో, వాన కురిసిన గంటల్లో, మోకాటిలోతు వాగు మనిషిని పడగొట్టే ప్రవాహమవుతుంది. మన పిల్లల సంగతే చూడండి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం వద్ద నీటిలో పడి ఇద్దరు తెలుగు విద్యార్థులు మరణించారు. వారు ఏ సాహస క్రీడకూ వెళ్ళలేదు. మిత్రులతో కలసి చూడదగిన చోటు చూడడానికి వెళ్ళారు. విదేశాల నుండి వచ్చే ఇటువంటి వార్తల్లో చాలాసార్లు కనిపించేవి జలపాతం, సరస్సు, రహదారి.

అయితే మా మేనల్లుడు వంతెన గురించి చెప్పి, కొండ గురించి ఎందుకు చెప్పలేదు? దాచాలని కాదు. భయపడవలసినది ఏదో వానికీ తెలియదు, మనకూ తెలియదు. ఒక్క వంతెన మాటకే ఇల్లు అంత కల్లోలమైతే, రెండవసారి ఆ మాట కూడా చెప్పడు. ‘మిత్రులతో ఊరు చూడడానికి వెళ్ళాను’ అంటాడు. అది అబద్ధమూ కాదు. ఆపాకు మేము ఈ మాటే చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, “క్రైస్ట్‌చర్చ్ జరిగిన నాటి నుండి నాకు ఆ దేశం పేరు వింటేనే భయం” అన్నది. 2019 మార్చి 15న అక్కడి రెండు మస్జిదులలో జుమా వేళ 51 మంది షహీదులయ్యారు. వారిలో మన హైదరాబాదుకు చెందినవారూ ఉన్నారు. ఆ భయాన్ని మేము తేలిక చేయలేము. వంతెన ఒక నెపం మాత్రమేనని మాకు అప్పుడు అర్థమయింది.

చివరకు ఇలా కుదిరింది. కారు వద్దు, మిల్ఫర్డ్‌కు బస్సులో వెళ్ళాలి. వంతెన విషయంలో నిర్ణయం వానిదే, డబ్బు మాత్రం వాని సంపాదనలోనిదే కావాలి. ఖర్చు పదివేల రూపాయలకు పైనే. (ధర్మం దీనిని అనుమతిస్తుందా అని బావగారు అడిగారు. మేము ఫత్వా ఇచ్చేవారము కాము. ఊరి ఇమాము గారిని అడగమన్నాము. ఆయన కూడా ముందుగా భద్రత గురించే ఆరా తీశారట.) దూకే ముందు బీమా పత్రం చదవాలి. ఆ దేశంలో ప్రమాదవశాత్తు గాయపడితే సందర్శకులకు సైతం ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ చికిత్స వ్యయంలో చాలా భాగం భరిస్తుంది. అందుకు ప్రతిగా గాయానికి పరిహారం కోరుతూ దావా వేసే హక్కు దాదాపు లేదు. జబ్బు చేస్తే గాని, స్వదేశానికి చేర్చవలసి వస్తే గాని ఏసీసీ సహాయపడదు. విద్యార్థి బీమాలు కొన్ని సాహస క్రీడలను మినహాయిస్తాయి. ఆ పేజీని మేనల్లుడు అంతవరకు తెరవనే లేదు.

కొండ విషయంలో ఆపా మొదటిసారి షరతులు తానే పెట్టింది. గట్టి బూట్లు ఎవరి వద్దనైనా అడిగి తీసుకోవాలి. ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం అక్కడ అద్దెకు దొరుకుతుంది. అది జేబులో ఉండాలి. ఏ దారిన ఎక్కుతున్నాడో, ఎన్ని గంటలకు దిగుతాడో, ఎన్ని గంటల వరకు కబురు రాకపోతే 111కు ఫోను చేయాలో ఆ ఊరిలోని మిత్రునికి రాసి ఇవ్వాలి. అదే కాగితం తెనాలికీ పంపాలి.

ఇక్కడ ఒక మాట రాయకుండా ఉండలేము. ఇదంతా వింటున్న మా మేనకోడలు, డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది, “ఇదే నేను అడిగి ఉంటే మీరు నన్ను కాగితం రాయమనేవారా?” అన్నది. అనేవారము కాము. నేరుగా వద్దనేవారము. ఆమెకు ఇంకా జవాబు చెప్పలేదు.

శనివారం మిల్ఫర్డ్ నుండి ఫొటోలు వచ్చాయి. హోమర్ సొరంగం దాటగానే దారి కిందికి జారి, హిమానీనదం చెక్కిన లోయలోనికి సముద్రం చొచ్చుకువచ్చిన చోటికి చేరుతుంది. పేరులో ‘సౌండ్’ ఉన్నా అది నిజానికి ఫియర్డ్. ఏడాదికి ఆరువేల మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసే ప్రదేశం కావడంతో ఆనాడూ వానే. నల్లని రాతిగోడల మీద వందల తెల్లని ధారలు. ‘వాన లేకపోతే ఇవి ఉండవట, మామూ’ అని రాశాడు. బస్సులో నిద్రపోయానని కూడా రాశాడు. ఆ కన్నులతోనే కారు నడిపి ఉండేవాడు కదా అనుకున్నాము. ఆదివారం ఒకే వాక్యం: ‘దూకాను, క్షేమం.’

సోమవారం సాయంత్రం ఐదుకు కొండ దిగుతానన్నాడు. అంటే మనకు ఉదయం తొమ్మిదిన్నర. ఏడు గంటల వరకు, అంటే మన పదకొండున్నర వరకు ఆగాలని కాగితంలో ఉంది. ఆపా ఫజ్ర్ నుండి ఫోను ముందు కూర్చున్నది. తొమ్మిది ముప్పైఐదుకే మాకు ఫోను చేసింది. కాగితం ప్రకారం ఇంకా గడువున్నదని చెబితే, “ఆ కాగితం తల్లి రాసినది కాదు” అన్నది.

పది దాటిన తరువాత ఫొటో వచ్చింది. అది శిఖరం మీద తీసినది కాదు. 1326 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ దగ్గర గాలి హెచ్చిందట, పైన మంచు గట్టిపడి ఉన్నదట. అక్కడి నుండే వెనుదిరిగాడు. అరువు బూట్లతో, ఎర్రబడిన ముక్కుతో, చేయి ఊపుతున్నాడు.

బావగారు ఆ ఫొటోను పెద్దది చేసి చూచారు. “చేతిమీద ఆ అంకె ఏమిటి?” అన్నారు.

వంతెన దగ్గర రాసిన బరువు. ఇంకా పూర్తిగా చెరగలేదు. 58.

“వెళ్ళేనాడు 66 ఉన్నాడు” అని ఆపా మళ్ళీ ఏడ్వసాగింది.