పాత పత్రికల్లో వెతికే వీలు కావాలి

కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి స్త్రీవిద్య పక్షాన నిలబడ్డారు. ఆంధ్రభాషా సంజీవని నడిపిన కొక్కొండ వెంకటరత్నం పంతులు దాన్ని ఎదిరించారు. వాదం ముదిరి కొక్కొండవారు హాస్యవర్ధని పెడితే, జవాబుగా వీరేశలింగం హాస్యసంజీవని పెట్టారు. వీరేశలింగం రచనలు సంపుటాలుగా వచ్చాయి, స్వీయచరిత్ర ఉంది. ఎదుటి పక్షం ఏమన్నదో మాత్రం నేటి విద్యార్థి ఎక్కువగా ఆయన మాటల్లోనే వింటున్నాడు. సంస్కర్త మీద ఎంత గౌరవమున్నా, ఒకవైపు వాంగ్మూలంతోనే చరిత్ర రాయకూడదు. రెండు పక్షాల సంచికలూ పక్కపక్కన పెట్టుకుని చదవగలగాలి.

అంతకన్నా బాధాకరమైనది మరొకటి ఉంది. ఆనాటి తెలుగు పత్రికలు ఏం రాశాయో తెలుసుకోవడానికి పరిశోధకులు చాలాసార్లు మద్రాసు ప్రభుత్వం తన అధికారుల కోసం తయారుచేయించుకున్న దేశభాషా పత్రికల నివేదికలనే ఆశ్రయిస్తున్నారు. అనువాదకుడు సర్కారుకు అక్కరకొచ్చేవి ఏరి, ఇంగ్లీషులో కుదించాడు. పుస్తకాల ప్రకటనలు, పద్యాల మీద తగవులు, పల్లెల నుంచి వచ్చిన ఉత్తరాలు అతనికి దేనికి? మన తాతముత్తాతల గోడును పరాయి ప్రభుత్వపు గుమాస్తా సారాంశంలో చదువుకోవలసి రావడం మనకు అవమానం.

పనేమీ జరగలేదని అనడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత పత్రికల పుటలను ఆన్‌లైన్‌లో పెట్టింది. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు దశాబ్దాలుగా ఆ కాగితాన్ని కాపాడుతున్నాయి. కానీ పుట బొమ్మగానే ఉంటే అందులో ఒక ఊరి పేరో, ఆ రోజుల్లో వచ్చిన ధాత కరువు ప్రస్తావనో వెతకలేం. ఆనాటి అచ్చులో అరసున్నలు, బండిరాలు, వలపలగిలకలు ఉంటాయి. పదాలు కలిసిపోయి ఉంటాయి. బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే యంత్రం నేటి పుస్తకాలతో తర్ఫీదు పొందింది కాబట్టి వాటి దగ్గర తడబడుతుంది. అందుకే మనుషులు దిద్దాలి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం తన ‘ట్రోవ్’లో పాత పత్రికలను ఉచితంగా తెరిచి, యంత్రం చదివిన పాఠాన్ని పాఠకుల చేతే పంక్తి పంక్తీ దిద్దిస్తోంది. తెలుగు చదవగల లక్షలమంది ఉండగా మనకెందుకు సాధ్యం కాదు?

రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఈ పని చేపట్టాలి. కాపీహక్కు సాకు ఇక్కడ చెల్లదు, 19వ శతాబ్ది పత్రికలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. ముందుగా ఏ గ్రంథాలయంలో ఏ సంచిక ఉందో, ఏది ఎక్కడా దొరకలేదో ఉమ్మడి జాబితా ప్రచురించాలి. అది లేకుండా వెతికితే, సంచిక పోయిన విషయం తెలియక ఆనాటివాళ్లు ఆ సంగతే పట్టించుకోలేదని పరిశోధకుడు రాసేస్తాడు. పాఠం అందరికీ ఉచితంగా అందాలి. మైక్రోఫిల్మ్ తీశాక అసలు ప్రతులను వదిలించుకుని అమెరికా గ్రంథాలయాలు చేసిన తప్పు ఇక్కడ జరగకూడదు. స్కాన్ అయిన ఒక్క సంచికనైనా చిత్తుకాగితాల్లో వేయరాదని ప్రభుత్వాలు ఉత్తర్వు ఇవ్వాలి.