పరులకు వైరాగ్యము, తమకు వైభోగము



అమెరికాలోని మన దేవాలయములలో జరుగు సత్సంగములయందు, ఉపన్యాసములయందు ఇటీవల ఒక దృష్టాంతము పదే పదే వినవచ్చుచున్నది. "ఇచ్చటి కళాశాల ఫుట్‌బాల్ యువకులను చూడుడు. నేడొక విశ్వవిద్యాలయము, రేపింకొకటి. ధనమెచ్చట ఎక్కువైన అచ్చటికి పరుగు. పిదప వృత్తి క్రీడలో చేరి కోట్లు గడింతురు, రెండేండ్లలో దివాలా తీయుదురు. తృష్ణ యనగా ఇదియే" అని వక్త సెలవిచ్చును. శ్రోతలు తల ఊపుదురు. ఆ దృష్టాంతము సాధువు కాదని నా మనవి. అందు సగము అసత్యము. మిగిలిన సగము సత్యమేయైనను, దోషి కాని వానివైపు వ్రేలు చూపుచున్నది.

ఈ దేశమున అర్చకత్వము చేయువానికి ఫుట్‌బాల్ తెలియకుండుట అసాధ్యము. శనివారము స్వామివారి వారము. కళాశాల ఆటలకును అదియే వారము. సాయంకాలము ఆట యున్నచో భక్తులు ప్రొద్దుననే అభిషేకమునకు వత్తురు. మధ్యాహ్నమున్నచో రాత్రి గుడి తలుపులు మూయువేళకు వత్తురు. అట్లు నేర్చినదే నా క్రీడాజ్ఞానము.

ఒక జట్టున ఒక్కసారి 11 మంది ఆడుదురు. వారిలో బంతిని అందుకొని, ఎవరికి విసరవలెనో నిర్ణయించువాడు క్వార్టర్‌బ్యాక్. తక్కిన స్థానములలో ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఆడవచ్చును. ఈ స్థానమున మాత్రము ఒక్కడే ఆడును, రెండవవాడు గట్టున నిలబడి చూచుచుండును. విశ్వవిద్యాలయమున ఆడుటకు వానికి గల కాలము నాలుగైదు వత్సరములు మాత్రమే. అందు మూడేండ్లు గట్టున గడచినచో వాని విద్య అక్కరకు రాకయే పోవును. స్థానము మార్చువారిలో క్వార్టర్‌బ్యాకులు అధికముగా కనబడుటకు తొలి కారణము ఇదియే. ధనము తరువాత వచ్చినది.

ఎట్లనగా, బేకర్ మేఫీల్డ్ టెక్సస్ టెక్ విడిచి ఓక్లహోమాకు పోయినపుడు విద్యార్థివేతనము కూడ లేకయే పోయెను. నియమానుసారము 2014 సంవత్సరమంతయు ఆడక కూర్చుండెను. 2017లో కళాశాల ఫుట్‌బాల్‌కు పరమ పురస్కారమైన హైజ్‌మన్ ఆతనికి లభించెను. మరు సంవత్సరము దానిని పొందిన కైలర్ మరే టెక్సస్ ఏ అండ్ ఎం నుండి వచ్చినవాడు. 2019లో పొందిన జో బరో ఒహాయో స్టేట్‌లో పట్టా పుచ్చుకొని, అచ్చట అవకాశము దొరకక ఎల్.ఎస్.యు.కు పోయినవాడు. క్రీడాకారుడు తన పేరు చెప్పుకొని ధనము గడింపవచ్చునను అనుమతి 2021 జులై 1న గాని రాలేదు. కనుక ఈ మువ్వురును మారినది ధనముకొరకు కాదు, ఆడుటకొరకు. "ధనమెచ్చటనో అచ్చటికి" అను వక్త ఈ కాలక్రమమును ఒక్కమారు పరిశీలించి యుండవలసినది.

ఇక అసలు విషయము. ఎన్.సి.ఏ.ఏ. అను కళాశాల క్రీడా సంఘము 1906లో పుట్టినది. నూరేండ్లకు పైగా అది బోధించిన సిద్ధాంతము "అమెచ్యూరిజము", అనగా ఆట కేవలము ప్రీతికొరకు, ధనస్పర్శ పాపము. వినుటకు నిష్కామకర్మ వలె నున్నది కదా! మనవారు మోసపోవునది ఇచ్చటనే. నిష్కామమును ఎవడు ఎవనికి విధించుచున్నాడు? వైరాగ్యము తనకు తాను విధించుకొనునది. తాను భోగించుచు ఎదుటివానికి విధించినచో దానికి వేరే పేరు కలదు. అది అపహరణము.

2010లో జార్జియా విశ్వవిద్యాలయపు ఏ.జె. గ్రీన్ అను ఆటగాడు తాను ఆటలో తొడిగిన అంగీని వేయి డాలర్లకు అమ్ముకొనెను. అందుకు నాలుగు ఆటల బహిష్కారము. తాను చెమటోడ్చిన అంగీని తానమ్ముట పాపమట! ఆ కాలముననే ఆతని అంకె గల అంగీలు అంగళ్ళలో అమ్ముడగుచుండెను; ఆ ధనమున ఆతనికి పైసా లేదు. 2013లో జానీ మాన్జియెల్ అను క్వార్టర్‌బ్యాక్‌ను, హస్తాక్షరముల వ్యవహారముపై, అర్ధభాగపు ఆటకు నిలిపివేసిరి. మరి శిక్షకుల మాటేమి? జింబో ఫిషర్ అను శిక్షకుని 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం తొలగించెను. ఒప్పందము ప్రకారము, ఇక పని చేయనక్కరలేకయే, ఆతనికి చెల్లవలసినది 7 కోట్ల 60 లక్షల డాలర్లకు పైమాట. జాతీయ ప్రథమస్థాన పోటీల ప్రసారహక్కులకు ఒక దూరదర్శన సంస్థ 2026 నుండి ఏటేటా ఇచ్చునది 130 కోట్ల డాలర్లు. ఈ సంపదకు మధ్యనున్న యువకునికి మాత్రము వైరాగ్యబోధ!

"విద్యార్థి-క్రీడాకారుడు" అను పదబంధమెట్లు పుట్టినదో భక్తులకు తెలియవలెను. 1955లో కొలరాడో రాష్ట్రమున ఫోర్ట్ లూయిస్ కళాశాల ఆటగాడు రే డెనిసన్ ఆటలో తలకు దెబ్బ తగిలి మరణించెను. పనిలో మరణించినవాని కుటుంబమునకు వచ్చు పరిహారమును ఆతని భార్య కోరెను. 1957లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము ఆమెకు అర్హత లేదని తీర్పు చెప్పెను. ఇట్టి వ్యాజ్యములనుండి కళాశాలలను కాపాడుటకే ఆ పదబంధమును తాము కల్పించితిమని, 1951 నుండి 1987 వరకు ఆ సంఘమును నడిపిన వాల్టర్ బయర్స్ స్వయముగా 1995లో తన గ్రంథమున వ్రాసెను. వింటిరా? సరస్వతీదేవి పేరు పెట్టి విధవకు అన్నము ఎగ్గొట్టిన పదమది. 2021 జూన్ 21న అమెరికా సుప్రీము కోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా ఆ సంఘపు ఆంక్షలను తోసిపుచ్చిన పిదప గాని ఈ ప్రాకారము కూలలేదు. 2025 జూన్‌లో ఆమోదింపబడిన రాజీ ప్రకారము, పూర్వపు ఆటగాండ్రకు 280 కోట్ల డాలర్లు బకాయిగా చెల్లవలెను. ఇకమీద విశ్వవిద్యాలయములు ఆటగాండ్రకు నేరుగా ధనము పంచవచ్చును; 2025-26 సంవత్సరమునకు ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకు ఆ పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. బాకీ యున్నవాడే బకాయి చెల్లించును కదా!

ఇచ్చట ఒక మాట చెప్పకుండలేను. ఈ ఉపన్యాసములకు తలయూపువారిలో సాఫ్ట్‌వేర్ వృత్తివారు అధికులు. రెండేండ్లకొక సంస్థ మారి, మారినప్పుడెల్ల జీతము పెంచుకొని, ఆ శుభసందర్భమున సత్యనారాయణ వ్రతము చేయించుకొనువారే వీరు. నేనే చేయించితిని, సంతోషముగనే చేయించితిని, అందు దోషము లేదు. కాని అదే పని ఇరువది ఏండ్ల నల్లజాతి బాలుడు చేసినచో అది తృష్ణ యెట్లగును? అర్చకుడు సంభావన పెంచుమని అడిగినను ఇట్లే "స్వామీ, మీకేల ఈ ఆశ" అందురు. కనుకనే కాబోలు, ఆ బాలుని పక్షమున నాకు వెంటనే మాట వచ్చినది.

గురువును మార్చుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. సంహిత ఒకరి వద్ద, క్రమము వేరొకరి వద్ద, ఆగమము మరియొక ఊరిలో చదివినవాడను నేను. ఇంతకంటె పెద్ద ఉదాహరణము యాజ్ఞవల్క్యుడు. వైశంపాయనునితో విభేదము వచ్చినపుడు, నేర్చినదంతయు ఇచ్చి పొమ్మని గురువు ఆజ్ఞాపించెను. యాజ్ఞవల్క్యుడు దానిని వమనము చేసి వెడలి, సూర్యుని ఉపాసించి క్రొత్త వేదశాఖను పొందెను. ఆతడు విడిచినదానిని తిత్తిరి పక్షులై తక్కిన శిష్యులు గ్రహించిరని పురాణములు చెప్పును. మా ఇంట తరతరములుగా వల్లించుచున్న తైత్తిరీయము అదియే. ఒక శిష్యుడు గురువును మార్చుటచేత మనకు రెండు యజుర్వేదములు దక్కినవి. మార్పే అధర్మమైనచో ఈ కథకు మనవారేమి చెప్పుదురు?

అట్లని నేటి వ్యవస్థ అంతయు ధర్మబద్ధమని నేనను. యాజ్ఞవల్క్యుడు విద్యకొరకు మారెను, విద్యను పొందెను. నేటి బాలుడు మారినచో విద్యనే పోగొట్టుకొనుచున్నాడు. ఆడుటకు అర్హత నిలువవలెనన్న, పట్టాకు వలయు పాఠ్యములలో రెండవ ఏటి చివరకు 40 శాతము, మూడవ ఏటికి 60, నాలుగవ ఏటికి 80 పూర్తి కావలెను. విశ్వవిద్యాలయము మారినపుడు పాత పాఠ్యములలో కొన్ని క్రొత్తచోట చెల్లవు. అప్పుడు బాలుడు తాను కోరిన శాస్త్రమును విడిచి, లెక్క సరిపోవు ఏదో ఒక పట్టాలో చేరును. గురువు కక్కుమనకయే విద్య పోయినది! ఒక్కమారు మారువానికి వెంటనే ఆడు అనుమతి 2021లో వచ్చెను. 2024 ఏప్రిల్‌లో ఎన్ని మారులైనను మారవచ్చునని నియమము సడలెను. ఇన్‌కార్నేట్ వర్డ్, వాషింగ్టన్ స్టేట్, మయామీ అని మూడు విశ్వవిద్యాలయములలో ఆడిన కామ్ వార్డ్ 2025లో వృత్తి క్రీడకు మొట్టమొదటివాడుగా ఎన్నికయ్యెను. ఆతనివలె ఆ గడప దాటువారు బహుస్వల్పులు. తక్కినవారికి మిగులునది ఆ పట్టా ఒక్కటియే.

జేలెన్ హర్ట్స్ చరితము ఈ సందర్భమున స్మరణీయము. 2018 జనవరిలో జాతీయ పోటీ తుది ఆట నడుమ అలబామా శిక్షకుడు ఆతనిని తప్పించి వేరొకనిని దింపెను. దేశమంతయు చూచుచుండగా జరిగిన అవమానమది. ఆతడు ఆ క్షణమున పారిపోలేదు. మరు సంవత్సరమంతయు రెండవవాడుగా నిలిచి, డిసెంబరులో పిలుపు రాగా దిగి ఆ జట్టునే గెలిపించి, పట్టా పుచ్చుకొని, పిమ్మట ఓక్లహోమాకు పోయెను. అచ్చటి స్నాతకోత్తర విద్యను వృత్తి క్రీడలో నుండియే 2023లో పూర్తి చేసెను. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి ఉత్తమ క్రీడాకారుడయ్యెను. ఆతడును మారినవాడే!

మాట తప్పుట వేరు విషయము. 2025 ఏప్రిల్‌లో టెన్నెసీ క్వార్టర్‌బ్యాక్ నీకో యమాలియావా, ధనవిషయమున చర్చ నడుచుచుండగా అభ్యాసమునకు రాకుండుటయు, జట్టు ఆతనిని విడిచిపెట్టుటయు, ఆతడు యు.సి.ఎల్.ఏ.కు పోవుటయు జరిగెను. తోటి ఆటగాండ్రను మైదానమున నిలిపి తాను రాకుండుట నాకు సమ్మతము కాదు. కాని అదే తూకమున శిక్షకులను తూచుడు. లేన్ కిఫిన్ తన ఓల్ మిస్ జట్టు జాతీయ పోటీలలో అడుగిడబోవు సమయమున, 2025 నవంబరు చివర, దానిని విడిచి ఎల్.ఎస్.యు.కు పోయెను. శిష్యుల నట్టేట విడిచిన గురువుపై ఏ సత్సంగమునను విమర్శ వినలేదు.

ఇక దివాలా సంగతి. "నూటికి 78 మంది" అను అంకె 2009 నాటి ఒక క్రీడాపత్రికా వ్యాసములోనిది. పదవీవిరమణ తరువాత రెండేండ్లలో దివాలా తీసినవారిని, ఆర్థిక క్లేశమున నున్నవారిని అది కలిపి చెప్పినది. 2015లో ఆర్థిక శాస్త్రజ్ఞులు 1996-2003 నడుమ ఎన్నికైన ఫుట్‌బాల్ ఆటగాండ్రను న్యాయస్థాన పత్రములతో సహా పరిశీలింపగా, విరమణానంతరము 12 ఏండ్లలో దివాలా తీసినవారు సుమారు 16 శాతము. ఇదియు ఘోరమే. కాని అందులోని విశేషము వేరు: ఎక్కువ గడించినవారును, ఎక్కువ ఏండ్లు ఆడినవారును అంతే ప్రమాదమున నున్నారు. ధనము పెరిగిన కొలది రక్షణ పెరుగలేదు.

మన భాష్యకారులు యోగక్షేమములను విడదీసి చెప్పినారు. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. ఈ బాలునికి పదేండ్ల ప్రాయమునుండి యోగము నేర్పుటకు పదుగురు శిక్షకులు గలరు. క్షేమము నేర్పువాడు ఒక్కడు లేడు. పదునెనిమిదవ ఏట తొలి ధనము చేతికి వచ్చునపుడు పన్ను మినహాయింపు లేకయే మొత్తము వచ్చును. అంతయు తనదే అనుకొనును. మరుసటి ఏప్రిల్‌లో ప్రభుత్వము తన భాగమును అడుగును. కారు అప్పటికే కొనబడి యుండును. వృత్తి క్రీడలో చేరిన పిదప పన్ను, ప్రతినిధి భాగము పోగా మిగిలినది ముప్పదియేండ్లు రాకముందే ముగియు ఆదాయము. దానితో ఏబదియేండ్లు బ్రతుకవలెను.

భోగలాలసులు లేరని కాదు. 2012లో దివాలా తీసిన వారెన్ సాప్ ఆస్తిపట్టికలో 240 జతల పాదరక్షలున్నవి, దానిని సమర్థింపను. కాని మార్క్ బ్రూనెల్ అను క్వార్టర్‌బ్యాక్ సుమారు 5 కోట్ల డాలర్లు గడించియు 2010లో దివాలా తీసినది విలాసముచేత కాదు, స్థలములలో, భోజనశాలలలో పెట్టిన పెట్టుబడులచేత. మన వారిలోను ఇట్టివారు నాకు తెలియును. వారి భూమిపూజలకు పోయినవాడను. ఇంకొకవైపు జాన్ అర్షెల్: బాల్టిమోర్ జట్టున ఆడుచు ఏడాదికి 25 వేల డాలర్లకు లోపున జీవించెను, పాత నిస్సాన్ కారులో తిరిగెను, 2017లో ఆట విడిచి ఎం.ఐ.టి.లో గణితమున డాక్టరేటు పొందెను. ఇది అపరిగ్రహము, ఎవరును ఆతనికి విధింపలేదు.

మైకేల్ విక్ పేరు చెప్పి ముగింతును. 2004లో ఆతనికి 13 కోట్ల డాలర్ల ఒప్పందము; కుక్కల పోరాటముల నేరమున కారాగారము; 2008లో అచ్చటినుండియే దివాలా పత్రము. ఆతని హింసను క్షమింపుమని అడుగను. కాని అప్పులను రద్దు చేయించుకొను దివాలా మార్గము గాక, తీర్చు మార్గమునే ఎన్నుకొని, విడుదలయైన పిదప తిరిగి ఆడి, ఏండ్ల తరబడి కట్టి, కోటిన్నర డాలర్లకు మించిన అప్పును ఋణదాతలకు చెల్లించెను. ఋణము తీర్చనిదే గతి లేదని నమ్ము మన ఉపన్యాసకులు ఆతని దివాలాను మాత్రము పలుమారులు ఉదాహరించిరి. ఆ ఋణవిమోచనమును ఒక్కరును ప్రస్తావింపగా నేను వినలేదు.

స్వస్తి.